తేలిన లిథియం

సోమేశ్వరం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు కంటే ముందు చేతికో పని వస్తుంది. ఆ సంగతి తెలిసే అడిగింది హైమవతి. ఆయన దగ్గరే కెమిస్ట్రీ నేర్చుకుని, ఆ ఏడే అదే కాలేజీలో లెక్చరరుగా చేరింది.

"మాస్టారూ, ల్యాబులో మొదటి అరగంట ఎవరూ నోరు మెదపకూడదని రూలు పెట్టాను. అల్లరి మూక దారికొచ్చింది. ఏనాడూ అల్లరి చెయ్యని సుగుణ మాత్రం డీలా పడిపోయి, సోమవారం నుంచి వేరే ల్యాబు గ్రూపుకు మారిపోతానంటోంది. అందరికీ ఒకటే రూలు కదా, తప్పెక్కడ?"

ఆయన కొత్తగా వచ్చిన మూడు ప్యాకెట్లు ఆమె ముందు పెట్టారు. "లిథియం, సోడియం, పొటాషియం. గాలి తగలకుండా భద్రం చేసి ఇంటికెళ్లు."

హైమకు అదో లెక్కా! మూడు సీసాల్లో కిరోసిన్ పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క వేసి, మూతలు బిగించి చక్కా పోయింది.

సోమవారం పొద్దున వచ్చి చూస్తే సోడియం, పొటాషియం సీసాల అడుగున బుద్ధిగా కూర్చున్నాయి. లిథియం మాత్రం పైకి తేలి, వీపంతా నల్లబడి ఉంది.

"ఈ కిరోసిన్ కల్తీది మాస్టారూ!"

"మూడింటికీ పోసింది ఒకే డబ్బాలోదేగా?"

హైమ బుర్రలో అంకెలు గిర్రున తిరిగాయి. కిరోసిన్ సాంద్రత 0.8. లిథియంది 0.53. "తేలక ఏం చేస్తుంది! ఇవి నాకు నిద్రలో కూడా వచ్చు."

"నిద్రలో వచ్చు. మెలకువలో మూత బిగించేశావు."

హైమ పకపకా నవ్వేసింది. ఆయన లిథియాన్ని చాకుతో గీకితే నలుపు కింద వెండి మెరిసింది. అందులోంచి చిన్న పలుకు నీళ్లలో వేశారు. బుసబుసమంటూ నెమ్మదిగా కరిగిపోయింది. పొటాషియం పలుకైతే ఊదారంగు మంటతో చిందులు తొక్కింది.

"చూశావా, మూడింట్లోకీ నెమ్మది ఇదే. తేలేదానికి ఈ పూత ఉంటేనే గాలి తగలదు," అంటూ ఆయన వ్యాజిలైన్ డబ్బా ముందుకు తోశారు.

అంతలో సుగుణ గుమ్మంలో నిలబడి, "మేడమ్, ఆ గ్రూపు మార్పు..." అని నసిగింది.

"అదలా ఉంచు. చేతి తొడుగులు వేసుకుని ఈ లిథియానికి వ్యాజిలైన్ పుయ్యి. పూస్తూ, ఇదెందుకు తేలిందో నాకు చెప్పు."

సుగుణ తొడుగులు వేసుకుని డబ్బా మూత తీసింది. పూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. బెల్లు కొట్టారు, మౌనపు అరగంట మొదలైంది. అయినా ఆ పిల్ల మాట ఆగలేదు, హైమా ఆపలేదు. "మరి మైనంలో ముంచితే, మేడమ్?" దాకా వచ్చేసరికి గ్రూపు సంగతి ఆ పిల్లకే గుర్తులేదు.

హైమ గురువుగారి వైపు వంగి గుసగుసగా అడిగింది. "అయితే రూలు ఎత్తెయ్యమంటారా?"

ఆయన చాకు తుడుస్తూ అన్నారు.

"కిరోసిన్ పారబొయ్యకమ్మా. ఆ రెంటికీ అదే కావాలి."