ఊనా గట్టు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మా తాతకి వాళ్ల తాత చెప్పేనాటికే ఇది పాత కథ.

ఐర్లండులో మా క్లూనారా చిన్న ఊరు. పేరుకి జిల్లాకంతటికీ ముఖ్యపట్టణం, నడిస్తే అరగంటలో అయిపోతుంది. కింద ఏరు. ఏటికవతల కనుచూపుమేర చిత్తడి నేల. ఇవతల నిటారుగా గుట్ట. సంత గుట్ట మీదే, కోర్టు గుట్ట మీదే, చర్చీ శ్మశానం కూడా గుట్ట మీదే. ఈ ఊరు కట్టినవాళ్లు ఎన్నడూ బరువు మోసినవాళ్లు కారు.

ఆ చిత్తడిలో నల్లమట్టిని ఇటుకల్లా కోసి ఎండబెడితే కట్టెల్లా మండుతుంది. ఊరందరి పొయ్యిల్లోకీ అదే. దాన్ని బుట్టకెత్తి, వీపున మోసి సంతకు చేర్చేది ఊనా అనే వితంతువు. పొద్దున ఒక బుట్ట, మధ్యాహ్నం ఒక బుట్ట, పొద్దుగూకే ముందు ఒక బుట్ట. ఎక్కడం, దించడం, దిగడం. ఎక్కడం, దించడం, దిగడం. అలా ముప్పై ఏళ్లు.

దారిలో ఆగుదామంటే కుదరదు. నేల మీద దించిన బుట్టను ఒంటరి మనిషి మళ్లీ వీపుకెత్తుకోలేడు. అందుకని ఊనా ఖాళీ బుట్టతో దిగేటప్పుడల్లా గుట్ట మీది రాయొకటి వేసుకొచ్చి సగం దారిలో పేర్చింది. ఏడాదికి నడుమెత్తు గట్టు లేచింది. వెనక్కి ఆనితే చాలు, బుట్ట దాని మీద కూర్చునేది. నీళ్లు మోసేవాళ్లూ మూటలు మోసేవాళ్లూ అక్కడే ఊపిరి తీసుకునేవారు.

జమీందారీ అజమాయిషీ చేసే పెల్హమ్ దొరకి అది కంటగింపయింది. తన బండి చక్రం దానికి రాసుకుందట. పడగొట్టించాడు. ఊనా మళ్లీ పేర్చింది. మళ్లీ పడగొట్టించాడు. మళ్లీ పేర్చింది. మూడోసారి తనే వచ్చాడు.

"నీకు అలుపన్నది లేదా, ముసలీ?"

"నాకున్నదే అదొక్కటి దొరా. అందుకే కడుతున్నా."

మూడోసారీ పడగొట్టించాడు.

ఆ చలికాలమే దొర తల్లి పోయింది. దారంతా మంచు గడ్డకట్టింది. గుర్రాలు ఎక్కమని మొరాయించాయి. ఆరుగురు మనుషులు శవపేటికను భుజాలకెత్తుకున్నారు. సగం దారికొచ్చేసరికి వాళ్ల కాళ్లు వణికాయి. కింద పెడితే పేటిక జారి ఏట్లో పడుతుంది.

"గట్టేదీ?" అన్నాడొకడు.



జనంలోంచి ఊనా వచ్చింది. పేటిక కింద దూరి, మోకాళ్ల మీద వంగింది.

"నా వీపున ఆనించండి నాయనా. ఊపిరి తీసుకోండి."

"వద్దమ్మా, నలిగిపోతావు" అన్నాడు దొర. ఆమెను అమ్మా అనడం అదే మొదలు.

"తల్లిని దారిలో జారవిడుస్తామా దొరా? కానివ్వండి."

వాళ్లు తేరుకునేదాకా ఊనా కదల్లేదు. పేటిక గుట్టెక్కింది. ఊనా మాత్రం మళ్లీ లేవలేదు. ఇంటికి మోసుకెళ్లారు, వారానికి పోయింది.

తర్వాత దొర ఆ రాళ్లన్నీ తన చేతుల్తో పేర్చాడంటారు. నేను నమ్మను, పేర్పించి ఉంటాడు. దారిని మాత్రం గట్టు పక్కనుంచి తిప్పించాడు. అందుకే మా పెద్దవీధికి అక్కడ వంకర.

ఇప్పటికీ ఎవరి పేటిక గుట్టెక్కుతున్నా ఆ గట్టు మీద ఒకసారి దించుతారు. భుజాలు మార్చుకుంటారు. మళ్లీ ఎత్తేముందు అందరూ ఒక్క గొంతుతో అంటారు:

"ఊనా, ఇక మేం మోస్తాం. నువ్వు లే."