గిద్యోనుకి ముంతెడు నీళ్ళు

అనగనగా అంటే ఎంత అనగనగానో నాకూ తెలీదు. మా నాయనమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పేనాటికే అది పాత మాట. కొండల కింద ఒక ఊరు. ఊరికి ఎడంగా ఒక పల్లె. పల్లె చివర మట్టిగోడల ప్రార్థన గుడి. తాటాకు కప్పు, కప్పు మీద చెక్క సిలువ, గంటకు బదులు వేలాడే ఇనప ముక్క. అంతే వైభవం.

ఆ పల్లెలో దీనమ్మ ఉండేది. చదువు లేదు, సెంటు భూమి లేదు, పెళ్ళైన కొత్తలోనే మొగుడు పోయాడు. కూలికి పోతే కూడు, పోకపోతే గంజి, గంజీ లేకపోతే దేవుడి పాట. పాటన్నా బాగా పాడేదా అంటే, అదీ లేదు. ఆమె పాడితే పక్కింటి మేక తాడు తెంపుకునేదట. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గదా.

ఆమెకు ఒకే బిడ్డ, కెజియా. ఆ పిల్ల ఎట్టాంటిదంటే, తన నోటి దగ్గరి నీళ్ళు కోడిపిల్లకు పోసి, అది తాగుతుంటే తను గుటక వేసే రకం.

ఆ రోజుల్లో పల్లెకు బావి లేదు. ఉన్నదల్లా దొర బావి. పల్లెవాళ్ళు దాని గట్టు ఎక్కకూడదు, చేద ముట్టకూడదు. గట్టు కింద కడవ పెట్టుకుని నిలబడితే, పైనుంచి ఎవరో దయతలచి పోయాలి. దాహమైతే దోసిలి పట్టాలి. సగం నీళ్ళు మోచేతుల వెంట కారిపోతాయి. మిగిలిందే నోటికి.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. బావి అడుగంటింది. నీళ్ళు నా గొడ్లకే చాలవు, పల్లెవాళ్ళను రానీయొద్దు అన్నాడు దొర. అని, కాపలాకు పల్లెవాణ్నే పెట్టాడు. ముల్లును ముల్లుతోనే తీయాలని ఆయనకు తెలుసు. ఆ కాపలావాడే గిద్యోను. చేతిలో కర్ర, పక్కన దొర ఇప్పించిన కడవెడు నీళ్ళు. అదే అతని జీతం.

ఆ ఎండల్లో కెజియాకు జ్వరమొచ్చింది. దీనమ్మ ముంత తీసుకుని పరుగెత్తింది.

"గిద్యోనన్నా, బిడ్డకు జ్వరం. ముంతెడు నీళ్ళియ్యి."

"దొర ఒద్దన్నాడు. పో."

ఇంటికొచ్చింది. బిడ్డను చూసింది. మళ్ళీ పరుగెత్తింది.

"గిద్యోనన్నా, బిడ్డ నాలిక పిడచ కట్టింది. సగం ముంతియ్యి."

"దొర సూత్తాడు. పో."

ఇంటికొచ్చింది. బిడ్డను చూసింది. మళ్ళీ పరుగెత్తింది.

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్క చుక్క. ఏలు ముంచిచ్చినా చాలు, తీసకపోయి దాని నాలిక మీద పెడతా."

ఈసారి గిద్యోను కర్రతో ముంతను నెట్టాడు. అది దొర్లుకుంటూ పోయింది. దీనమ్మ దాన్ని ఏరుకుని ఇంటికొచ్చేసరికి, ఇంట్లో అమ్మా అని పిలిచేవాళ్ళు లేరు.

తర్వాత వానలు పడ్డాయి. పల్లెవాళ్ళు పంతం పట్టి రాతినేలలో సొంత బావి తవ్వుకున్నారు. దొర కాపలా మాన్పించాడు. గిద్యోనుతో ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ నిప్పు కూడా ఇవ్వలేదు. ఒంటరిగా ముసలివాడయ్యాడు. ఒంటరిగానే జబ్బుపడ్డాడు. ఇంట్లో కడవ నిండుగా ఉంది, గొంతు మాత్రం గుటక దిగనివ్వలేదు. అట్టాగే పోయాడు. "పైకి పోకముందే నరకం మొదలైంది" అన్నారు జనం. సమాధుల దొడ్డిలో చోటివ్వలేదు. జెముడు కంచెకు బయట పాతిపెట్టారు.

ఆ ఆదివారం ప్రార్థన గుడి నడిపే ప్రభుదాసు అయ్యగారు వాక్యం చెప్పాడు. మంచి మనిషే. కష్టమొస్తే ముందుగా వచ్చేది ఆయనే. కానీ నరకం సంగతి ఎత్తితే మాత్రం గొంతు లేచేది, ముందు వరసలో వాళ్ళకు చెమట పట్టేది. ఆ రోజు ధనవంతుడి కథ ఎత్తుకున్నాడు. ఒక ధనవంతుడు, వాడి గుమ్మంలో పుండ్లతో పడున్న ఒక బీదవాడు. ఇద్దరూ చచ్చిపోయారు. బీదవాడు పరలోకంలో పితరుల ఒడిలో కూర్చున్నాడు. ధనవంతుడు మంటల్లోంచి తలెత్తి ఆ ఒడిని చూశాడు. వేలి కొస నీళ్ళలో ముంచి నా నాలుక మీద పెట్టమనండయ్యా అని వేడుకున్నాడు. కుదరదు, మీకూ మాకూ మధ్య పెద్ద అగాధం ఉంది అన్నారు.

అందరూ దీనమ్మ వైపు తిరిగి చూశారు. ఆ పల్లెలో అంత గట్టిగా ఎన్నడూ ఆమేన్ అనలేదట. దీనమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, తరవాత ఎవరన్నా ఇచ్చారా?"

వాక్యం మధ్యలో లేచి అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. అయ్యగారు తడబడ్డాడు. "ఏమిటమ్మా?"

"నీళ్ళు."

"లేదమ్మా. ఇవ్వరు."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేమిటి? యుగయుగాలు. ఆ మంట ఆరదు, అందులో తొలిచే పురుగు చావదు."

దీనమ్మ ఇంటికి పోయి నీళ్ళ ముంత ఎత్తింది. నోటిదాకా వచ్చింది గానీ గొంతు దిగలేదు. పిడచ కట్టిన నాలుక ఎట్టా ఉంటుందో ఆమె చూసింది. చూసినదాన్ని మరిచిపోవడం ఆమె చేత కాలేదు. ఆ నాలుక గిద్యోనుదైనా సరే, తడవాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

తెల్లారాక ముంత నింపుకుంది. జెముడు కంచె దాటింది. గిద్యోనును పాతిన మన్ను మీద మెల్లగా పోసింది. పోస్తూ ఏమందో తెలుసా? "దోసిలి పట్టన్నా" అంది.

పల్లె పల్లంతా భగ్గుమంది. సంఘపెద్ద యోనా ఎదురొచ్చాడు. "నీకు మతిపోయిందా దీనమ్మా? బిడ్డను సంపినోడికి నీళ్ళు పోస్తావా? అయినా మన్ను మీద పోస్తే నరకంలోకి దిగుతయ్యా?"

"దిగుతయ్యో లేదో నాకేం తెలుసు పెద్దయ్యా. పొయ్యకపోతే మాత్రం దిగవు గదా."

యోనా చెయ్యి విసిరాడు. "పో, తెలిసినోళ్ళను అడుగు పో. వాళ్ళు ఒద్దంటే మానుకో" అన్నాడు.

సరేనని దీనమ్మ బయలుదేరింది. మొదట ప్రభుదాసు అయ్యగారి దగ్గరికి పోయింది.

"గుళ్ళో చెప్పిందే చెప్తున్నానమ్మా. నరకానికి గడువు లేదు. దేవుడు ఎంత పెద్దవాడో ఆయన మీద చేసిన పాపమూ అంత పెద్దది. వాడి దాహం తీరేది కాదు."

"తీరని దప్పికైతే రోజూ ఉంటది గదయ్యా. రోజూ పోస్తా."

మాట వింది, తల ఊపింది, ముంత ఎత్తుకుంది.

ఏటి అవతల గుడారం వేసుకుని కూటాలు పెట్టే బోధకుడు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి పోయింది.

"యుగయుగాల బాధ అబద్ధం తల్లీ. పొట్టు నిప్పులో పడితే ఏమవుతుంది? కాలిపోతుంది. అట్టాగే చెడ్డవాడు కాలి బూడిదవుతాడు. ఇక వాడూ ఉండడు, వాడి నొప్పీ ఉండదు."

"మంచి మాట చెప్పారయ్యా. అయినా కూడొండుకున్నాక పొయ్యిలో బూడిద మీద నీళ్ళు చల్లుతాం గదా. ఎర్రంగా ఉన్నదాన్ని అట్టా వదిలెయ్యం గదా."

మాట వింది, తల ఊపింది, ముంత ఎత్తుకుంది.

కొండ అవతల రోమను కతోలిక గుడి ఉండేది. అక్కడి ఫాదరుగారి దగ్గరికి పోయింది.

"నరకం ఉందమ్మా, దానికి అంతూ లేదు. కానీ ఆ గిద్యోను చివరి ఊపిరిలోనైనా తప్పయిందని ఏడ్చాడేమో మనకేం తెలుసు? ఏడ్చి ఉంటే వాడు ఉత్తరించు స్థలంలో ఉంటాడు. అక్కడి మంట మురికి వదలగొట్టే మంట. వదిలాక బయటికి వస్తాడు. మన ప్రార్థనలు వాడికి ఆసరా."

"అంటే తానం చేయించడమే గదా నాయనా. తానానికి నీళ్ళు గావొద్దూ?"

ఫాదరుగారు ముందు నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. దీనమ్మ మాట వింది, తల ఊపింది, ముంత ఎత్తుకుంది.

ముగ్గురు మూడు మాటలు చెప్పారు. అందులో ఎవరిది నిజమని నన్ను అడక్కండి. నేను పోలేదు, చూడలేదు, పోయే తొందరా లేదు. దీనమ్మకు మాత్రం మూడు మాటల్లోనూ నీళ్ళే వినిపించాయి. ఎండనక, వాననక, ఎవరేమన్నా అనక, పొద్దున్నే ముంత నింపేది, కంచె దాటేది, "దోసిలి పట్టన్నా" అనేది. పిల్లలు వెనకబడి వెక్కిరించేవాళ్ళు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలూ వెక్కిరించారు. దీనమ్మ నడుం వంగింది గానీ నడక మానలేదు.

మళ్ళీ ఒక కరువొచ్చింది. ఈసారి పల్లె బావే అడుగంటింది. సంఘపెద్ద యోనా గట్టు మీద కూర్చుని ఇంటికింతని వంతు పోయించేవాడు. దీనమ్మకు దక్కేది ఆ ముంతే. ఆ ముంతలోంచే తను సగం తాగి, సగం గిద్యోనుకి తీసుకుపోయేది.

"మనకే గొంతు తడవడం లేదు, సచ్చినోడికి పోస్తావా?" అన్నాడు యోనా.

"నా వంతులోదే పెద్దయ్యా. నీది కాదు."

ఆమె పెదాలు పగిలాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఇట్టా అయితే మనిషి దక్కదని ప్రభుదాసు అయ్యగారు ఆమె ఇంటికొచ్చాడు. ఆయనా అప్పటికి ముసలివాడయ్యాడు. గుమ్మంలో చతికిలబడి బతిమాలాడు.

"దీనమ్మా, వాడి పాపానికి నువ్వెందుకు ఎండిపోతున్నావు? వాణ్ని క్షమించావు, సంతోషం. అంతటితో ఊరుకో."

"క్షమించానని ఎవురు చెప్పారయ్యా? ఆ ముంత దొర్లిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కొన్ని పొద్దులు తిట్టుకుంటానే పోస్తా."

"మరి ఎందుకమ్మా?"

దీనమ్మ ముంత ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అంది, "అయ్యగారూ, మంటల్లో ఉన్నోడు తలెత్తితే ఒళ్ళో కూర్చున్నోడు కనపడ్డాడని మీరే గదా చెప్పారు?"

"చెప్పాను."

"కిందోడికి పైవోళ్ళు కనపడితే, పైవోళ్ళకు కిందోడు కనపడడా?"

అయ్యగారు ముంత వైపు చూశాడు.

"నా కెజియా ఆడ కూసోనుంది. దానికి ఆడ బోలెడు నీళ్ళు. కానీ కింద వాడు నాలిక చాపుకుని చూస్తా ఉంటే అది తాగదయ్యా. నా బిడ్డ సంగతి నాకు తెలుసు. కోడిపిల్ల దప్పికనే చూడలేకపోయేది. దప్పికతోనే పోయింది. పరలోకంలో గూడా దప్పికతోనే కూసోవాల్నా? వాడు తాగితే గానీ అది తాగదు. అందుకని పోస్తన్నా."

అయ్యగారు నరకం మీద ఎన్ని ప్రసంగాలు చేశాడో ఆయనకే లెక్క లేదు. వాటిల్లో ఒక్కటీ ఆ గుమ్మంలో పనికిరాలేదు. ఇద్దరూ కూర్చుని ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి, ఆయన తన ఇంటికి పోయి తన వంతు నీళ్ళలోంచి కాస్త తెచ్చి ఆమెచేత తాగించాడు. ఆ రోజు నుంచి వాన పడిందాకా అట్టాగే తెచ్చాడు.

వానలు పడ్డాయి. బావి నిండింది. ఆ తర్వాత, జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో, దీనమ్మ నిద్రలోనే పోయింది.

పల్లె అంతా వచ్చింది. వెక్కిరించినవాళ్ళూ వచ్చారు. సమాధుల దొడ్డిలో కెజియా పక్కన గుంట తవ్వారు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు. అటూ ఇటూ చూశాడు. "ఈ పూట అక్కడికి ఎవరూ పోలేదు గదా" అన్నాడు.

ఎక్కడికని ఎవరూ అడగలేదు. ఆయన దీనమ్మ ఇంట్లోంచి ముంత తెప్పించి నీళ్ళు నింపాడు. వాక్యం చెప్పే తెల్లంగీతోనే జెముడు కంచె దాటాడు, అంగీ ముళ్ళకు చిరిగింది. గిద్యోను మన్ను దగ్గర మోకరించాడు.

"దోసిలి పట్టు గిద్యోనూ. ఆమె ఈ పూట రాలేకపోయింది" అని పోశాడు.

వెనక అలికిడైతే చూశాడు. సంఘపెద్ద యోనా కర్ర ఊతంగా నడిచి వస్తున్నాడు. ఆయన చేతిలో చెంబుంది. ఆయన వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు, ఎవరికి దొరికిన పాత్రతో వాళ్ళు. ఆ పొద్దు గిద్యోను మన్ను బురదైపోయింది.

అయ్యగారు తర్వాత కూడా నరకం సంగతి చెప్పాడు. మాట మార్చలేదు, గడువు తగ్గించలేదు. కానీ వేలి కొస దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాడు. మిగతాది చెప్పకుండానే ప్రార్థన చేసి పంపేసేవాడు.

ఇప్పుడు ఆ కంచె లేదు. సమాధుల పండుగ నాడు పల్లెవాళ్ళు సున్నం వేస్తారు, పూలు పెడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అన్నిటికంటే ముందు చివరనున్న మట్టిదిబ్బ మీద ముంతెడు నీళ్ళు పోస్తారు. పోస్తూ "దోసిలి పట్టు" అంటారు. "వాడు నరకంలో ఉన్నాడా?" అని పిల్లలు అడిగితే, "కెజియా మంచినీళ్ళు తాగాలి, పొయ్యి" అని ముంత వాళ్ళ చేతికిస్తారు.

లోకంలో ఎక్కడైనా ఒక చెడ్డవాడు పోతే, నరకానికి పోయాడని తేలిగ్గా అనేస్తాం. ఆ పల్లెలో ఆ మాట అనరు. "దప్పికతో పోయాడు" అంటారు. అని ఊరుకోరు, లేచి ముంత వెతుక్కుంటారు.