గానుగెద్దు షికారు

పుల్లన్న పదకొండేళ్ళు నడిచాడు గాని ఎక్కడికీ వెళ్ళలేదు. నూనె గానుగకు కట్టిన ఎద్దు మరి. కళ్ళకు గంతలు, మెడ మీద కాడి, తిరిగిన చుట్టే మళ్ళీ తిరగడం. ఊళ్ళోకి కరెంటు గానుగ వచ్చాక, యజమాని పేరయ్య మనసున్నవాడు కాబట్టి, గంతలు విప్పేసి, పొద్దుగూకేలోగా ఇంటికి వస్తే చాలని వీపు చరిచి వదిలేశాడు.

ఆ రోజు నుంచి పుల్లన్నకు షికారు పిచ్చి పట్టుకుంది. ఎండ ఎక్కకముందే వాగు గట్టు పట్టి బయల్దేరేవాడు. తంగేడు ఎక్కడ పూసింది, గిజిగాడు ఏ తుమ్మకొమ్మకు గూడు కట్టాడు, చీమలు గుడ్లు మోసుకుని ఏ పుట్టకు మారాయి, పాము ఏ రాతి పక్కన కుబుసం విడిచింది, అన్నీ ఆయనకు కావాలి. ఇంటికొచ్చి దొడ్లో అందరికీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. వినేవాళ్ళు లేకపోయినా చెప్పేవాడు. ఒక్కటే ఇబ్బంది. ఎంత తిన్నగా పోదామన్నా కాళ్ళు పాత అలవాటు మానలేదు. దారిలో చెట్టో పొదో కనబడితే చాలు, దాని చుట్టూ ఒక చుట్టు తిరిగితే తప్ప ముందుకు కదలలేకపోయేవాడు.

అదే దొడ్లో ఉండే మేక చుక్కమ్మకు ఆయన్ని చూస్తే నవ్వు. ఇద్దరు పిల్లల తల్లి, ఎప్పుడూ తొందరే. "ఆకు కనబడితే తినాలి గాని చూస్తూ నిలబడతావేమిటన్నా, అదేమన్నా పెళ్ళికూతురా?" అనేది. పుల్లన్నకు కోపం వచ్చేది కాదు. నువ్వు తిను, నేను చూస్తాను, ఇద్దరికీ సరిపోతుందనేవాడు.

ఆ ఏడు మాఘమాసానికే దొడ్డి చుట్టుపక్కల పచ్చదనం ఎండిపోయింది. చుక్కమ్మకు పాలు తగ్గాయి. పిల్లలిద్దరూ పొదుగు కుమ్మి కుమ్మి ఏడుస్తుంటే ఆమెకు దిక్కుతోచలేదు. ఆ ఏడుపు కంచె అవతలున్న నక్క జంబయ్య చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఎంతో దగ్గరి చుట్టం పలకరించినట్టు పలకరించాడు.

"వదినా, పిల్లలు పుల్లల్లా అయిపోయారే. గుట్ట వెనక లోయలో రేగుపొదలు పచ్చగా ఉన్నాయి. నేను పుట్టి పెరిగింది అక్కడే. ఆకు నేను తింటానా, నీకోసమే చెబుతున్నా."

చుక్కమ్మ మరీ అంత అమాయకురాలేం కాదు. నక్క దయ చూపిస్తే ఎందుకో ఆలోచించాలని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని జంబయ్యకూ తెలుసు. అందుకే, భయమైతే పుల్లన్న మామను తోడు తెచ్చుకోమన్నాడు. అక్కడ మెత్తబడింది చుక్కమ్మ. మోసం చేసేవాడు పక్కన ఎద్దును పెట్టుకోమంటాడా అనుకుంది. పుల్లన్నకు మాత్రం కొత్త దారి చూడొచ్చని సంబరం. జంబయ్య తనను ఎందుకు పిలిచాడో ఆ పూట ఆయనకు తట్టలేదు.

నలుగురూ, వాళ్ళ ముందు నక్కా, వాగు దాటి గుట్ట ఎక్కారు. పుల్లన్న ఆగని చోటు లేదు. ఒక మోదుగు దగ్గర నిలబడి మొగ్గలు చూశాడు. మట్టిగోడకు బెజ్జం చేసి బయటికి తొంగి చూస్తున్న లకుముకి పిట్టను పిల్లలకు చూపించాడు. చుక్కమ్మ విసుక్కుంది. జంబయ్య విసుగు దాచుకుని నవ్వాడు. లోయ మొదట్లో ఎండిన చెట్టు మీద ఒక తీగ గుట్టలా అల్లుకుని ఉంది. దానికి నూగు నూగుగా, మట్టిరంగు కాయలు వేలాడుతున్నాయి.

"అల్లుడూ, ఇదేం తీగ?" అనడిగాడు పుల్లన్న.

"చిక్కుడు మామా. అడవి చిక్కుడు," అన్నాడు జంబయ్య, అటు చూడకుండానే.

అది దురదగొండి అని పుల్లన్నకు తెలుసు. కిందటేడు దాని కాయ ఒకటి మూపురం మీద రాలితే, ఆ నూగు అంటుకుని మూడు రోజులు గోడకు రాసుకున్నాడు. పుట్టి పెరిగిన చోట దురదగొండిని ఎరగనివాడు ఎలా పెరిగాడో అని మాత్రం లోపల వింతగా అనిపించింది.

ఇంకాస్త ముందు పచ్చటి రేగుపొద కనబడింది. జంబయ్య అబద్ధం చెప్పలేదు, ఆకు నిజంగానే లేతగా ఉంది. చుక్కమ్మ, పిల్లలు మీద పడి తినసాగారు. జంబయ్య వాళ్ళ పక్కనే చతికిలబడ్డాడు. పుల్లన్నను కాళ్ళు మామూలుగానే పొద చుట్టూ తిప్పుకుపోయాయి. వెనకవైపు చెమ్మనేలలో అత్తిపత్తి పరుచుకుని ఉంది, ముట్టుకుంటే ఆకు ముడుచుకునే మొక్క. గులాబీరంగు పూలతో, ఆకులన్నీ విచ్చుకుని ఎంత ముద్దుగా ఉందో. తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చాడు. ముచ్చట తీరలేదు. ఇంకో చుట్టు తిరిగాడు.

రెండోసారి వెళ్ళేసరికి అత్తిపత్తి ముడుచుకుని ఉంది.

అంతా కాదు. మధ్యలో మనిషి పట్టేంత బాటగా, ఈ చివర నుంచి ఆ చివరకు. గాలి లేదు. చుక్కమ్మ, పిల్లలు, నక్క పొదకు అటువైపే ఉన్నారు, వాళ్ళ మాటలు వినబడుతున్నాయి. తను అటు నుంచి ఇటు వచ్చేలోగా ఎవరో ఈ మొక్కల మీదుగా వెళ్ళారు. చప్పుడు లేకుండా, తాము వచ్చిన దారికి అడ్డంగా. కొంచెం అవతల ఎండుగడ్డిలో ఒక బూడిదరంగు తోక సర్దుకుంది. తోడేలు.

జంబయ్య తనను ఎందుకు తెమ్మన్నాడో పుల్లన్నకు అప్పుడు తెలిసింది. గంతలతో బతికిన ఎద్దు, పక్కనే ఉన్నా ఏమీ చూడడు, చుక్కమ్మకు ధైర్యం చెప్పడానికి పనికొస్తాడు, అంతే. అవమానంగా కూడా అనిపించింది గాని దానికిప్పుడు తీరిక లేదు. అరిస్తే చుక్కమ్మ బెదిరి పరిగెడుతుంది. తను ఈ బరువైన ఒంటిని తిప్పేలోగా తోడేలు ఒక పిల్లను ఎత్తుకుపోతుంది. రెండో పిల్లను నక్క పడుతుంది.

తాపీగా చుట్టు పూర్తి చేసి వచ్చి ఆవలించాడు.

"అల్లుడూ, కాళ్ళు పీకుతున్నాయి. నేనూ చుక్కమ్మా వాగులో నీళ్ళు తాగొస్తాం. పిల్లలు వేగిపోయారు, ఆ చిక్కుడు తీగ కింద నీడలో పడుకోబెడతాను. కాస్త చూస్తుంటావా?"

జంబయ్యకు నోట్లో నీళ్ళూరి మాట తడబడింది. "నా పిల్లల్లా చూసుకుంటా మామా," అన్నాడు.

చుక్కమ్మ తల ఎత్తింది. నక్కకు పిల్లల్ని అప్పగించడమేమిటని నోరు తెరవబోయింది. పుల్లన్న తన గిట్ట తెచ్చి ఆమె గిట్ట మీద పెట్టాడు. నొప్పి పుట్టేంత గట్టిగానే పెట్టాడు. చుక్కమ్మ ఆయన కళ్ళలోకి చూసి నోరు మూసుకుంది. జీవితంలో ఆమె మింగిన మాటల్లో అదే పెద్దదై ఉంటుంది.

పుల్లన్న పిల్లల్ని తన పొట్టకు అటువైపు పెట్టుకుని వెనక్కి తీగ దాకా నడిపించి, దానికి రెండు బారల ఎడంగా చుట్టు తిరిగాడు. తీగ వెనకనుంచి నేల పల్లానికి దిగుతుంది. కింద వాగు ఒడ్డున మిరపచేను, చేలో కాయలు కోస్తున్న ఆడకూలీలు. అక్కడ పిల్లలిద్దరినీ మూతితో ముందుకు తోశాడు. "వెనక్కి చూడకుండా ఆ మనుషుల దగ్గరికి పరిగెత్తండి," అన్నాడు. వాళ్ళు దిగిపోయారు. ఆయన మిగతా సగం చుట్టు తిరిగి ఒంటరిగా ఇవతలికి వచ్చాడు. రోజూ తిరిగేవాడు తిరిగినట్టే తిరిగాడు కాబట్టి జంబయ్యకు అనుమానం రాలేదు.

"పడుకున్నారు. లేపకు," అన్నాడు.

చుక్కమ్మతో కలిసి వాగువైపు నడిచాడు. మలుపు తిరిగాక సంగతి చెప్పాడు. ఆమె చేనువైపు దిగిన వేగానికి రాళ్ళు దొర్లాయి. పుల్లన్న ఆమె వెనకే, తన వయసుకు తగనంత వేగంగా దిగాడు.

పిల్లలిద్దరూ గట్టు మీద ఉన్నారు. ఒకడు ఒక కూలీ కొంగు నములుతున్నాడు, రెండోది దర్జాగా పడుకుని ఉంది. చుక్కమ్మ వాళ్ళిద్దరినీ తల నుంచి తోక దాకా నాకి, మళ్ళీ మొదటినుంచి నాకింది. ఏడ్చింది. పుల్లన్న వాళ్ళ పక్కనే గట్టు మీద కూలబడ్డాడు. అంత హాయి ఆయనకు గంతలు విప్పిననాడు కూడా కలగలేదు.

అప్పుడు లోయలోంచి కేకలు వినబడ్డాయి. ఒకటి నక్కది, ఒకటి తోడేలుది. ఒక పక్కనుంచి నక్క, ఇంకో పక్కనుంచి, గడ్డిలో దాక్కుని ఆ మాటలన్నీ విన్న తోడేలు, ఒకేసారి తీగ గుట్టలోకి దూకారు. లోపల ఎండుచెట్టును, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. ఉన్న కాయలన్నీ వాళ్ళ మీదే రాలాయి. మరుక్షణం ఇద్దరూ తీగలోంచి దొర్లుకుంటూ వాగు ఇసుకలో పడ్డారు. మూతి రుద్దుకుంటే పొట్ట దురద, పొట్ట రుద్దుకుంటే వీపు దురద. తోడేలు నక్క చెవి పట్టుకుని, "ఇదేనటరా నీ చిక్కుడు?" అని ఒక చోట కొరికి, ఒక చోట గోక్కుని, మళ్ళీ కొరికింది. కూలీలు బుట్టలు దించి కడుపుబ్బ నవ్వారు.

చుక్కమ్మ కళ్ళు తుడుచుకుని, తోడేలున్నట్టు నీకెలా తెలిసిందన్నా అనడిగింది. ముడుచుకున్న ఆకుల సంగతి చెప్పాడు పుల్లన్న. ఆమె గట్టు వెంబడి కూలీలు కొట్టి పడేసిన పచ్చటి కొమ్మల వైపు చూసి, ఇవేం చెట్లు అనడిగింది.

"అవిశ. పాలు పడతాయి. దొడ్డికి ఇంత దగ్గర్లో ఉన్నాయని నెలరోజులుగా చెబుతూనే ఉన్నాను."

"నేను వినలేదన్నా," అంది చుక్కమ్మ, నోటినిండా ఆకుతో. "రేపు ఎన్నింటికి బయల్దేరతావు?"

జంబయ్య సగం వెంట్రుకలు ఊడిన ఒంటితో, తోడేలు ముఖం చూడలేక, పుట్టి పెరిగిన లోయ వదిలి ఎటో వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కూడా దారిపొడుగునా ప్రతి తీగనూ చూసి పక్కకు గెంతాడట, పాపం అందులో చాలావరకు ఉత్త చిక్కుడే.

నీతి: తానుండే చోటును చూడనివాడు, చూస్తూ నడిచేవాణ్ణి మోసం చెయ్యలేడు.