సోమిదేవమ్మ గారి కరివేప చెట్టు

"కథలో మనిషి ఎక్కడ మారాలి గురువుగారూ?" అని అడిగాడట భీమశంకరం.

గురువుగారంటే మా తాతయ్య, అచ్యుతరామయ్య గారు. హరికథలు చెప్పేవారు. భీమశంకరం చాలా ఏళ్లుగా ఆయన దగ్గర శుశ్రూష చేస్తున్న శిష్యుడు. మీసం బాగానే పెంచాడు గాని, ఒంటరిగా కథ చెప్పే యోగం ఇంకా పట్టలేదు. ఆ సాయంత్రం శ్రీరామనవమి పందిట్లో మొదటిసారి చెప్పాలి. అదీ తాతయ్య సరేనంటేనే. లేకపోతే ఆ పూట పొరుగూరి భజన మేళానికి పోతుంది.

పొద్దున్నే కథ వినిపించాడు. అందులో ఒక పిసినారి కామందు. గుమ్మంలోకి వచ్చిన సాధువు ఒక్క పద్యం పాడేసరికి భోరున ఏడ్చి, గాదెలు తెరిచి, ధాన్యమంతా ఊరికి పంచేస్తాడు. వంటింట్లోంచి మా అమ్మమ్మ, "ఆ పద్యమేదో నాకూ నేర్పు నాయనా, మీ గురువుగారి మీద పాడి చూస్తాను" అందట.

తాతయ్య నవ్వలేదు. ప్రశ్నకి నోటితో జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు. "మా అక్క దగ్గరికి వెళ్లి ఆ పద్యమే పాడి, రెండు రెబ్బలు కరివేపాకు పట్రా" అన్నారు.

తాతయ్య అక్కగారు సోమిదేవమ్మ గారు పక్కవాటాలోనే ఉండేవారు. రోజూ రామకోటి రాసే తల్లి. కానీ ఆ చెట్టు దగ్గర మాత్రం సాక్షాత్తూ రాముడే వచ్చి అడిగినా ఆకు రాలేది కాదు, నా అపచారం మన్నించుగాక. శుక్రవారం ఇవ్వకూడదనేవారు, శనివారం కోయకూడదనేవారు, మిగతా రోజుల్లో చెట్టుకి నలతగా ఉందనేవారు.

భీమశంకరం ఆవిడ పెరట్లో, చైత్రమాసపు ఎండలో నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. ఆవిడ కళ్లొత్తుకున్నారు. "ఎంత బాగా పాడావు నాయనా! ఇంకోటి పాడు." ఇంకోటి పాడాడు. మళ్లీ కళ్లొత్తుకున్నారు. ఇదే అదనని కరివేపాకు అడిగాడు. కన్నీళ్లు అక్కడికక్కడే ఇంకిపోయాయి.

"అదీ సంగతి! మా తమ్ముడు పంపాడా? ఇవాళ నవమి. చెట్టు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

అతను పట్టు వదల్లేదు. పాడుతూనే ఉన్నాడు. పాడగా పాడగా గొంతు జీరబోయింది. "సాయంత్రం కథ ఉందండీ..." అన్నాడు బిక్కమొహంతో. అదీ సగమే బయటికి వచ్చింది.

"కథ పెట్టుకుని ఎండలో అరుస్తావుట్రా? బుద్ధుండక్కర్లా? కూర్చో అక్కడ!"

గబగబా లోపలికెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చారు. అల్లం దంచి వేశారు. తిడుతూనే ఓ రెబ్బ తుంచి, ఆకులు నలిపి అందులో వేశారు. "తాగు. మళ్లీ ఆకు కోసమని వచ్చావో, కాళ్లు విరగ్గొడతాను."

భీమశంకరం ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "ఇవ్వలేదండీ. ఎన్ని పద్యాలు పాడినా ఆవిడ మారరు. నా కథ తప్పని తేలిపోయింది. ఈ పూట భజన మేళానికే ఇచ్చెయ్యండి."

తాతయ్య అతని మీసం వంక చూశారు. "ఆ పచ్చగా అంటుకున్నదేమిటోయ్?"

తడుముకుని చూసుకున్నాడు. కరివేపాకు.

"ఇదా... మజ్జిగలో వేశారండీ. ఇది ఇచ్చినట్టు కాదు."

మా అమ్మమ్మ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, ఆ ఆకు వంక విడ్డూరంగా చూస్తూ నిలబడిపోయిందట.

"ఇవ్వలేదనే మా అక్కా అనుకుంటోంది" అన్నారు తాతయ్య. "సాయంత్రం కథ నువ్వే చెప్పు. నీ కామందుని కూడా అలాగే అనుకోనీ."