గౌళమ్మ చూడని మూల

అనగనగా ఒక అడవి. అడవంటే పులులు తిరిగేది కాదర్రా! ఒక ఇంటి హాల్లో, గాజు తొట్టిలో పెరిగిన నాచు అడవి. అందులో ఒక నత్తమ్మ, రవ్వ అనే ఎర్రచేప పిల్ల ఉండేవి. తొట్టి వెనక గోడ మీద గౌళమ్మ అనే బల్లి కాపురం.

గౌళమ్మకు ఆ ఇంట్లో మా గొప్ప పేరు. ఎవరేం మాట్లాడుతున్నా ఆమె "టిక్ టిక్" అందంటే చాలు, ఇంటావిడ వకుళమ్మ "సత్యం! బల్లి పలికింది" అంటూ ఆ పలికిన వైపు చూసేది.

ఒకరోజు నత్తమ్మ గాజుకు అంటుకుని పిలిచింది.

"గౌళక్కా! నాచు గీరుతుంటే మూలలో గాజును అతికించిన జిగురు పొరలా ఊడి వస్తోంది. నేను లోపలిదాన్ని, బయట చూడలేను. కాస్త తడి ఉందేమో చూసి రావూ? ఉంటే అక్కడే నిలబడి పలుకు. ఇంటావిడ చూసుకుంటుంది."

"రేపు చూస్తాలే," అంది గౌళమ్మ. కిటికీ దగ్గర దోమలు మంచి జోరు మీదున్నాయి మరి.

మర్నాడు తొట్టి కింద చీమలు బారు కట్టాయి.

"ఏమర్రా, పెళ్లివారా?" అని వెక్కిరించింది గౌళమ్మ.

"నీళ్లకొచ్చాం పిన్నీ. ఇక్కడ చల్లగా ఊరుతోంది."

"మీకేం, చెమట బొట్టయినా చెరువే!" అని నవ్వి, తోక ఊపుకుంటూ వెళ్లిపోయింది.

మూడో రోజు ముసురు పట్టింది. దీపం చుట్టూ ఉసిళ్లు ముసిరాయి. గౌళమ్మకు నోరు ఖాళీ లేదు.

"చూశావా అక్కా?" అంది నత్తమ్మ.

"ఆఁ, చూశాను. రాయిలా గట్టిగా ఉంది. టిక్ టిక్!"

"నిజంగా వెళ్లావా?"

"ఏమే! నేను పలికితే ఇల్లంతా సత్యమంటుంది. నీకు సాక్ష్యం కూడా కావాలా?"

"ఇల్లు నమ్ముతుంది అక్కా. నీళ్లు నమ్మవు. వెళ్లావా, లేదా?"

గౌళమ్మ ఇంకో పురుగును పట్టుకుంది.

రవ్వ మాత్రం, "పెద్దవాళ్లు చూడకుండా చూశామంటారా ఏమిటి?" అని నత్తమ్మను కోప్పడి, ఆ మూలకే ఆడుకోవడానికి పోయింది.

మర్నాడు ఇంటివాళ్లు బయటికి వెళ్లిన వేళ మూల పట్టు విడిచింది. నీళ్లన్నీ నేల మీదికి జారిపోయాయి. గౌళమ్మ పలికింది. గొంతు పగిలేలా పలికింది. తాళం వేసిన ఇంట్లో ఎవరు వింటారు?

నత్తమ్మ తన గుల్ల తలుపు మూసుకుని బతికింది. రవ్వకు తలుపు లేదు.

సాయంత్రం వకుళమ్మ వచ్చి నత్తమ్మను బకెట్లో వేసింది. తొట్టి తిప్పి చూస్తే మూల బయటవైపు తెల్లటి ఉప్పు చార.

"అయ్యో, ఎన్నాళ్లుగా కారుతోందో! ఎవరైనా ఒక్కసారి చూసుంటే ఈ చేపపిల్ల బతికేది కదా," అంది.

గౌళమ్మ నోరు దానంతటదే పలికింది. "టిక్."

"సత్యం," అంది వకుళమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు గౌళమ్మ దీపం దగ్గరకు పోలేదు. బకెట్ అంచున కూర్చుని "నత్తమ్మా..." అంది. గుల్ల తలుపు తెరుచుకోలేదు. అప్పుడు ఎండిపోయిన ఆ మూలకు నడిచింది.

గోడ నుంచి అక్కడికి నాలుగంటే నాలుగు అంగలు.

నీతి: నలుగురూ నమ్మే నోరు, పలికే ముందు నాలుగడుగులు వేసి చూడాలి. చూడకుండా చెప్పిన "బాగుంది" అబద్ధం కంటే చెడ్డది.