కట్ట కింద నది

ఓబులేసుకు చివరికి నది వినబడింది.

దాని కోసమే అతను ఏళ్ళ తరబడి గురువు మహబూబ్ పీరా దగ్గర ఉంటున్నాడు. కళ్ళు మూసుకొని నిలకడగా కూర్చుంటే లోపలెక్కడో ఒక నది పారుతున్నట్టు వినబడుతుందని పాత శిష్యులు చెప్పేవారు. అతనికి కప్పల అరుపులే వినబడేవి. వానాకాలం ముగిసే రోజుల్లో, పొగమంచు కమ్మిన ఒక తెల్లవారుజామున, ఆ చప్పుడు వచ్చింది. సన్నగా, ఎడతెగకుండా.

పీరాకు తాతల నాటి కుంట ఒకటి ఉంది. దానికి మట్టికట్ట. ఆ నీళ్ళతో పండే వరే ఆయనకూ శిష్యులకూ ఏడాది తిండి. కట్టకు దిగువన మేకలవాళ్ళ గుడిసెలు. కట్టకూ గుడిసెలకూ మధ్య ఉన్న బండ మీద ఓబులేసు ధ్యానానికి కూర్చునేవాడు.

"బాబా, నది వినబడుతోంది" అన్నాడు ఒక ఉదయం. గొంతులో వినయం కొంచెం ఎక్కువైంది.

"యాడ కూర్చుంటే?"

"యాడైనా ఒకటే కదా బాబా. లోపలిది."

"అయితే ఈ గడప దగ్గరే కూర్చో."

కూర్చున్నాడు. పిచ్చుకలు వినబడ్డాయి. ఎవరో కసువు ఊడుస్తున్నారు.

"ఇక్కడ రావడం లేదు బాబా."

పీరా లేచి కట్ట వైపు నడిచాడు. బండ దగ్గర ఆయన కూర్చోలేదు. బోర్లా పడుకుని, పసిబిడ్డ గుండె మీద చెవి పెట్టినట్టు, కట్ట మొదట్లో నేలకు చెవి ఆనించాడు. తర్వాత గడ్డి పక్కకు తీశాడు. వేలెడు లావు నీటిధార. దోసిలి పట్టి శిష్యుడికి చూపించాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అరచేతి గీతలు కనబడలేదు.

ఓబులేసు బంకమట్టి ముద్ద తీశాడు. "మూసేద్దాం బాబా."

"మూస్తే ఇంకోచోట తన్నుకొస్తుంది. మట్టి కోసుకుపోయి కట్ట తెగుతుంది. పో, కిందోళ్ళను మిట్ట మీదికి ఎక్కించు."

గుడిసెలోంచి కుళ్ళాయమ్మ మేకపిల్లను చంకనెత్తుకుని వచ్చింది. "దినామూ ఆ బండ మీదనే కదా సామీ నువ్వుండేది. నీళ్ళ చప్పుడు ఇనపల్యా?"

"ఇనపడింది" అన్నాడు ఓబులేసు. మేకపిల్లను అందుకుని మిట్ట వైపు దారి తీశాడు.

అతను తిరిగొచ్చేసరికి, కట్ట మీద బరువు తగ్గాలని పీరా కుంట తూము తెరిచేశాడు. ఏడాది తిండి మంచులోంచి వాగులోకి పోతోంది. ఇద్దరూ కలిసి ధార మీద ఇసుక పోశారు. ఇసుక మీద కంకర, కంకర మీద రాళ్ళు. ధార ఆగలేదు. రాళ్ళ సందుల్లోంచి మెల్లగా వస్తూనే ఉంది.

"నీళ్ళను పోనీ. మట్టి పోకుంటే చాలు" అన్నాడు పీరా.

సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే ఓబులేసు అడిగాడు. "నేను విన్నది ఉత్తిదే కదా బాబా?"

"విన్నది నిజమే నాయనా. లేచి చూడలేదు."

మరునాడు మంచులో ఓబులేసు బండ దగ్గరికి వెళ్ళాడు. చప్పుడు ఇంకా ఉంది. కళ్ళు మూసుకోబోయి ఆగాడు. వంగి రాళ్ళ దగ్గర దోసిలి పట్టాడు. తెల్లారేదాకా అలాగే ఉన్నాడు.

వెలుతురు పడ్డాక, నీళ్ళ అడుగున అతని చేతిగీతలు ఒక్కొక్కటే కనబడ్డాయి.