రెండు ఇత్తడి గ్లాసులు

బాలశౌరికి కోపమంతా ఆ రెండు ఇత్తడి గ్లాసుల మీదే.

నీలగిరి కొండల్లో, విదేశీ సన్యాసులు కట్టి వదిలివెళ్లిన చిన్న మఠం అది. వాళ్లు పోయినా వాళ్ల రొట్టె పొయ్యీ, బీరు కాచే అలవాటూ మిగిలాయి. ఏటా పెంతెకోస్తు పండుగ బల్లకు సరిపడా ఒక్క పీపా. దాన్ని కాచేది ఇన్నయ్య గురువు. ఫిరంగిపురం నుంచి కొత్తగా వచ్చిన బాలశౌరి ఆయన శిష్యుడు. రసాయనశాస్త్రం చదివొచ్చినవాడు కాబట్టి తెలివికి లోటు లేదు. ఓపిక సంగతి అడక్కండి.

బీరు పులుస్తున్నన్నాళ్లూ గురువు రోజు విడిచి రోజు ఒక పొడుగాటి గాజు గొట్టం నింపి, అందులో హైడ్రోమీటర్ వదిలేవాడు. పాలవాళ్ల లాక్టోమీటర్‌కి అన్నదమ్ముల వరస. తీపి ఎక్కువుంటే పైకి తేలుతుంది, ఈస్ట్ ఆ తీపిని తినేకొద్దీ కిందికి దిగుతుంది. అంకె చూశాక, గొట్టంలో ఉన్నది రెండు గ్లాసుల్లోకి చెరిసగం వంచి, ఒకటి శిష్యుడి చేతికిచ్చేవాడు.

"తాగు," అనేవాడు. అంతే.

బాలశౌరి ఒక్క గుక్కలో మింగేసి గ్లాసు కడిగేవాడు. ఉన్నదే ఒక్క పీపా, కొలత పేరు చెప్పి ఇంత గొంతులో పోసుకోవడమేమిటని లోపల ఉడికిపోయేవాడు. ముసలాయనకి చుక్క మీద ఆశ అనుకున్నాడు. ఆ రోజుల్లో అతనికి ఎదుటివాళ్ల లోపాలు మహా స్పష్టంగా కనిపించేవి.

మరుసటి ఏడు ఊరెళ్లి వస్తూ ఒక రిఫ్రాక్టోమీటర్ కొనుక్కొచ్చాడు. జానెడు గొట్టం. కొసనున్న అద్దం మీద రెండు చుక్కలు వేసి, వెలుతురుకెత్తి కంటికి ఆనించుకుంటే తీపి ఎంతుందో అంకె కనిపిస్తుంది.

"రెండు చుక్కలు చాలు గురువుగారూ. ఇంక గ్లాసులక్కర్లేదు."

గురువు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ముచ్చటపడ్డాడు. "బావుందిరా! కాచిన రోజు చూడ్డానికి ఇంతకన్నా మంచిది లేదు. పులియడం మొదలయ్యాక మాత్రం..."

"అప్పుడు కూడా ఇదేనండీ," అన్నాడు బాలశౌరి. గురువు ఆగిపోయాడు. ఇత్తడి గ్లాసులు అటకెక్కాయి.

కాచిన రోజు కొలత అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కానీ పండుగ దగ్గర పడేసరికి అంకె ఒకచోటికి దిగి, ఇక కదలనని మొరాయించింది. ఉండాల్సిన దానికంటే తీపి చాలా ఎక్కువ చూపిస్తోంది. బాలశౌరికి గాభరా పుట్టింది. ఇలా సగంలో ఆగినదాన్ని సీసాల్లో పోసి మూతలు బిగిస్తే, లోపల మళ్లీ పులిసి సీసాలు పేలిపోతాయి. ఈస్ట్ వేసింది గురువే. చూపు ఆనక పాతబడినదేదో వేసేసి ఉంటాడు అనుకున్నాడు.

ఆయన్ని ఒక్క మాట అడగలేదు. నేరుగా మఠం పెద్ద మర్రెడ్డి ఫాదర్ దగ్గరికి వెళ్లాడు.

"ఈసారి బీరు చెడిపోయింది ఫాదర్. ఇన్నయ్య గురువుగారికి ఇంక ఆ పని వద్దండీ, నేను చూసుకుంటా."

మర్రెడ్డి ఫాదర్ మొహం వాడిపోయింది. "ఆ పని తీసేస్తే ఆయనకేం మిగుల్తుంది శౌరీ?" అన్నాడు. కాసేపు గడ్డం నిమురుకుని, పీపా పారబొయ్యమన్నాడు. సాయంత్రం ప్రార్థనయ్యాక గురువుతో తానే మాట్లాడతానన్నాడు.

పీపా గదికి వచ్చేసరికి గురువు అక్కడే ఉన్నాడు. అటక మీంచి గ్లాసులు దించి చింతపండుతో తోముతున్నాడు.

"పారబొయ్యాలండీ. మర్రెడ్డి ఫాదర్ చెప్పారు."

"అలాగే. పోసే ముందు ఒకసారి చూద్దాం," అని గురువు గాజు గొట్టం నింపి హైడ్రోమీటర్ వదిలాడు. "నాకు ఆనడం లేదు, నువ్వు చదువు."

బాలశౌరి వంగి చదివాడు. కళ్లు నులుముకుని మళ్లీ చదివాడు. దిగాల్సినంతా దిగింది. పులియడం ఎప్పుడో పూర్తయింది.

"మరి నాది...?"

గురువు గ్లాసుల్లోకి వంచి ఒకటి చేతికిచ్చాడు.

"తాగు. మింగెయ్యకు."

నాలుక మీద కాసేపు ఉంచుకున్నాడు. మాడిన రొట్టె అంచు రుచి, వెనకాల చేదు. తీపి జాడే లేదు. అప్పుడు గుర్తొచ్చింది, తాను పరీక్షలో రాసిన సంగతే. పులిసినదాంట్లో ఆల్కహాల్ చేరుతుంది, తీపిలాగే అదీ వెలుతురుని వంచుతుంది, ఆ అద్దం ఆ వంపుని కూడా తీపి కిందే చూపిస్తుంది.

"ఆ రోజు మీరు చెప్పబోయారు..."

"చెప్పబోయా."

బాలశౌరి గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాడు. చెప్పుల్లేకుండానే పరుగెత్తాడు. ప్రార్థన గంట మోగకముందే మర్రెడ్డి ఫాదర్‌ని మెట్ల మీద పట్టుకున్నాడు.

"బీరు బాగుంది ఫాదర్. నేనే తప్పు కొలిచా. గురువుగారితో ఏమీ అనకండి, మీకు దణ్ణం పెడతా."

తిరిగొచ్చేసరికి గురువు గ్లాసు ఖాళీగా ఉంది. బాలశౌరి గ్లాసు మీద ఈగలు వాలకుండా చిన్న పళ్లెం మూతపెట్టి ఉంది.

"చెప్పొచ్చావా?" అన్నాడు గురువు.

అంటే ఆయనకంతా తెలుసు. బాలశౌరి తలెత్తలేకపోయాడు.

"అయితే కూర్చో. వెచ్చబడిపోతుంది, తాగు."

ఇన్నయ్య గురువు ఇప్పుడు లేడు. పీపా బాలశౌరిదే, నెరిసిన గడ్డమూ బాలశౌరిదే. కాచిన రోజు రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తాడు, పులియడం మొదలయ్యాక గాజు గొట్టం నింపుతాడు. అంకె చూశాక రెండు గ్లాసుల్లోకీ వంచుతాడు. ఒకటి తాగి, రెండోదాని మీద పళ్లెం మూతపెడతాడు. పీపా గదిలో ఆ కాసేపు ఆయన మీద బెంగ ముంచుకొస్తుంది. గంట మోగాక, పారబొయ్యడానికి మనసొప్పక, అదీ తనే తాగుతాడు. మింగెయ్యడు.